అమెరికా కాలేజీ పరుగుల కోచ్: ఉద్యోగం వెనక ఉన్న లెక్కలు

అమెరికా కాలేజీల్లో ఫుట్‌బాల్ కోచ్‌కి జనవరి దాటితే, బాస్కెట్‌బాల్ కోచ్‌కి ఏప్రిల్ దాటితే పోటీల ఒత్తిడి తగ్గుతుంది. దూరపు పరుగుల కోచ్‌కి ఆ వెసులుబాటు లేదు. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా క్రాస్ కంట్రీ, డిసెంబరు నుంచి మార్చి మధ్య దాకా ఇండోర్ ట్రాక్, అక్కణ్నుంచి జూన్ దాకా ఔట్‌డోర్ ట్రాక్. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ దృష్టిలో ఇవి మూడు వేర్వేరు ఆటలు. మూడింటికీ వేర్వేరు జాతీయ పోటీలున్నాయి. పరిగెత్తేది మాత్రం చాలావరకు ఆ పిల్లలే, వాళ్లను చూసుకునేదీ ఆ కోచే.

స్టాప్‌వాచ్ పట్టుకుని ట్రాక్ పక్కన నిలబడే పనిగా ఈ ఉద్యోగాన్ని ఊహించుకుని వచ్చేవాళ్లు త్వరగా అలిసిపోతారు. శిక్షణ ప్రణాళిక రాయడం ఇందులో అన్నిటికంటే కష్టమైన పని కాదు, దాని మూలసూత్రాలు దశాబ్దాలుగా అందరికీ తెలిసినవే. పాయింట్లు ఎక్కడ పుడతాయి, జట్టులో ఎంతమందికి చోటుంది, స్కాలర్‌షిప్ డబ్బు ఎవరికెంత పంచాలి, మూడు సీజన్లలో దేన్ని వదులుకోవాలి అన్న లెక్కల మీదే కోచ్ భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది.

ఐదో రన్నర్

క్రాస్ కంట్రీలో జట్టుకు ఏడుగురు పరిగెత్తుతారు. ముందొచ్చిన ఐదుగురి స్థానాలు కూడితే జట్టు స్కోరు వస్తుంది. ఎవరి స్కోరు తక్కువైతే వాళ్లదే గెలుపు. మొదటి ఐదు స్థానాలూ ఒకే జట్టుకు దక్కితే స్కోరు 15, అంతకు దిగువకు పోవడం సాధ్యం కాదు. 1992లో, ఎన్‌సీఏఏ కాలేజీలను విడదీసిన మూడు అంచెల్లో రెండోదైన డివిజన్ 2 జాతీయ పోటీల్లో జో విజిల్ శిక్షణలోని ఆడమ్స్ స్టేట్ పురుషుల జట్టు ఆ 15 సాధించింది. ఆరో, ఏడో రన్నర్ల స్థానాలను కూడరు గానీ, వాళ్లు ఎదుటి జట్టు ఐదో మనిషికంటే ముందు గీత దాటితే అతని స్థానం వెనక్కి జరుగుతుంది. అందుకే వెనకబడినా ఆ ఇద్దరూ చివరి మీటరు దాకా పోరాడాలి.

ఒక జట్టు రన్నర్లు 1, 4, 9, 20, 60 స్థానాల్లో వచ్చారనుకుందాం. మొత్తం 94. ఇంకో జట్టులో మొదటి పదిమందిలో ఒక్కరూ లేరు, వాళ్ల స్థానాలు 12, 14, 16, 18, 21. మొత్తం 81. పందెం గెలిచిన తార ఉన్న జట్టే ఓడిపోయింది. డివిజన్ 1 జాతీయ పోటీల్లో 31 జట్లు, జట్టు లేకుండా విడిగా అర్హత పొందినవాళ్లు 38 మంది, కలిపి ఒక్కో పందెంలో 255 మంది పరిగెత్తుతారు. ముందు వరుసలో ఐదు సెకన్లు ఆలస్యమైతే ఒకటి రెండు స్థానాలు పోతాయి. గుంపు మధ్యలో అవే ఐదు సెకన్లకు పది స్థానాలు పోవచ్చు. జట్టు తలరాత రాసేది నాలుగో, ఐదో రన్నర్లు. అనుభవమున్న కోచ్ స్కాలర్‌షిప్ డబ్బంతా ఒక మెరుపు కుర్రాడి మీద పెట్టకుండా ఈ మధ్యవరుస మీద ఆలోచించి ఖర్చు పెట్టడానికి కారణం అదే.

ఆ 31 జట్లలోకి రావడం మరో లెక్క. దేశాన్ని తొమ్మిది ప్రాంతాలుగా విడదీసి, నవంబరు మధ్యలో జరిగే ప్రాంతీయ పోటీల్లో మొదటి రెండు జట్లను నేరుగా తీసుకుంటారు. అలా 18 జట్లు. మిగతా 13 చోట్లకు జట్లను ఎంచేటప్పుడు, అప్పటికే అర్హత పొందిన జట్లలో ఎవరెవర్ని ఆ సీజన్లో ఓడించారన్నది ముఖ్యంగా చూస్తారు. కాబట్టి సెప్టెంబరు, అక్టోబరుల్లో ఏ మీట్‌కు వెళ్లాలో నిర్ణయించడమే సగం వ్యూహం. విస్కాన్సిన్‌లో జరిగే నట్టీకోంబ్ లాంటి పెద్ద మీట్‌లో బలమైన జట్లను దాటితే ఆ విజయాలు నవంబరులో అక్కరకొస్తాయి. దగ్గర్లోని చిన్న మీట్‌లు గెలిచి కప్పులు తెచ్చుకుంటే స్థానిక పత్రికలో ఫొటో వస్తుంది, అర్హతకు మాత్రం అది పనికిరాదు. ప్రధాన రన్నర్లిద్దరికి విశ్రాంతినిచ్చి అక్టోబరు పెద్ద మీట్‌లో ఓడిపోయిన జట్లు, ఆ విజయాలు చాలక నవంబరులో ఇంట్లో కూర్చోవాల్సి వస్తుంది.

ఒక అమ్మాయి, మూడు అంకెలు

చదువులో, దానికి అనుబంధమైన క్రీడల్లో ఆడవాళ్లకు సమాన అవకాశం ఇవ్వాలన్న టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చింది. విశ్వవిద్యాలయం తన క్రీడాకారిణుల సంఖ్య చూపేటప్పుడు క్రాస్ కంట్రీ, ఇండోర్, ఔట్‌డోర్ మూడింట్లోనూ ఉన్న ఒక అమ్మాయిని మూడుసార్లు లెక్కిస్తుంది. డివిజన్ 1లో ఉండాలంటే కనీసం 14 ఆటలు నడపాలి, పెద్ద ఫుట్‌బాల్ విభాగంలో ఉండాలంటే 16. ఒక్క పరుగుల కార్యక్రమమే మగవాళ్లవి మూడు, ఆడవాళ్లవి మూడు, మొత్తం ఆరు ఆటలు సమకూరుస్తుంది. బూట్లు, బస్సు, కొద్దిమంది కోచ్‌లు ఉంటే చాలు, ఆరు ఆటలు నడిచిపోతాయి. టికెట్ల మీద డబ్బు రాని ఈ క్రీడను విశ్వవిద్యాలయాలు అట్టేపెట్టుకోవడానికి ఇదొక బలమైన కారణం.

మగవాళ్ల జట్టు మీదే కత్తి ముందుగా పడటం కూడా ఈ లెక్కలోంచే వస్తుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయం 2020లో పురుషుల ఇండోర్ ట్రాక్‌ను తీసేసింది. అదే ఏడాది క్లెమ్సన్ పురుషుల ట్రాక్, క్రాస్ కంట్రీ రద్దు చేస్తున్నట్టు ప్రకటించి, వ్యతిరేకత వచ్చాక 2021 ఏప్రిల్‌లో వెనక్కి తగ్గింది. ఫలితాలు బాగున్నంత మాత్రాన ఉద్యోగం భద్రంగా ఉంటుందని ఏ కోచ్ అనుకోకూడదు.

డబ్బు పంపకం గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. చాలా ఏళ్లపాటు డివిజన్ 1లో పురుషుల క్రాస్ కంట్రీ, ట్రాక్ మొత్తానికి కలిపి 12.6 స్కాలర్‌షిప్‌లు, మహిళలకు 18 ఉండేవి. వీటిని ముక్కలు చేసి పంచుకోవచ్చు: ఒకరికి సగం, ఇంకొకరికి పావు, మరొకరికి పుస్తకాల ఖర్చు. పరుగులు, హర్డిల్స్, గెంతులు, విసుర్లు, డెకాథ్లాన్ అన్నిటికీ ఆ 12.6లోంచే సర్దాలి. డివిజన్ 3లో క్రీడా స్కాలర్‌షిప్‌లే లేవు, అక్కడ చదువు మీద, కుటుంబ ఆదాయం మీద వచ్చే సాయంతోనే పిల్లల్ని ఆకర్షించాలి. క్రీడాకారులు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాలో కుదిరిన హౌస్ ఒప్పందాన్ని 2025 జూన్‌లో ఫెడరల్ కోర్టు ఆమోదించాక, అందులో చేరిన విశ్వవిద్యాలయాలకు స్కాలర్‌షిప్ సంఖ్య మీద పరిమితి పోయి మనుషుల సంఖ్య మీద పరిమితి వచ్చింది. క్రాస్ కంట్రీకి 17, ట్రాక్‌కి 45. వినడానికి ఉదారంగా ఉంది. కానీ అదే ఒప్పందం ప్రకారం క్రీడాకారులకు నేరుగా పంచగల సొమ్ము, మొదటి ఏడాది సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా, ఎక్కువగా ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌లకే పోతోంది. ట్రాక్‌కి స్కాలర్‌షిప్ చోట్లు కాగితం మీద పెరిగాయి, వాటికి నిధులు పెరుగుతాయన్న హామీ లేదు.

ఈ మార్పులో నష్టపోయింది వాకాన్‌లు, అంటే స్కాలర్‌షిప్ లేకుండా సొంత ఖర్చుతో జట్టులో చేరే పిల్లలు. దూరపు పరుగుల్లో వాకాన్‌గా వచ్చి నాలుగో ఏడాదికి మొదటి ఏడుగురిలో నిలిచినవాళ్లు కొల్లలు, ఎందుకంటే ఈ పరుగులో ఎదుగుదల నిదానంగా వస్తుంది. 45 మందిలో 17 మంది దూరపు రన్నర్లయితే మిగతా విభాగాలన్నిటికీ 28 చోట్లే మిగులుతాయి. ఔట్‌డోర్ జాతీయ పోటీల్లో మగవాళ్లకు, ఆడవాళ్లకు చెరో 21 అంశాలుంటే, 800 మీటర్ల నుంచి 10,000 దాకా దూరపు రన్నర్లవి ఐదే. మొదటి ఎనిమిది స్థానాలకు 10, 8, 6, 5, 4, 3, 2, 1 పాయింట్లు. ట్రాక్ డైరెక్టర్ కప్పు గెలవాలనుకుంటే స్ప్రింట్లు, గెంతుల వైపు మొగ్గడం సహజం. దూరపు పరుగుల కోచ్ ఆయన ముందు కూర్చుని ఒక్కో చోటు కోసం వాదించాలి, ఆ వాదనకు అంకెలు సిద్ధంగా ఉండాలి.

జూన్ నుంచి జూన్

వేసవి మూడు నెలల్లో పునాది పడుతుంది. అప్పుడు పిల్లలు ఊళ్లలో ఉంటారు. నిబంధన ప్రకారం వేసవి పరుగు స్వచ్ఛందం, కోచ్ ప్రణాళిక పంపవచ్చు గానీ తప్పనిసరి చేయకూడదు. సీజన్లో వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలు దాటకూడదు, ఒకరోజు పూర్తి సెలవివ్వాలి. పోటీ రోజును మూడు గంటలుగా లెక్కిస్తారు. సెలవురోజు పరుగును ‘మీ ఇష్టం’ అని చెప్పి హాజరు వేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది నిబంధన ఉల్లంఘనే, ఫిర్యాదు వెళితే ఉద్యోగం దాకా వస్తుంది.

హైస్కూల్లో 5 కిలోమీటర్లు పరిగెత్తిన అబ్బాయి కాలేజీలో సీజన్ మొదట్లో 8, ప్రాంతీయ, జాతీయ పోటీల్లో 10 కిలోమీటర్లు పరిగెత్తాలి. అమ్మాయిలు 5 నుంచి 6కి మారితే చాలు. వారానికి 65-80 కిలోమీటర్లకు అలవాటుపడిన కుర్రాడిని మొదటి సెప్టెంబరులోనే సీనియర్లతో 130కి తోస్తే అక్టోబరుకల్లా కాలి ముందెముకలో నొప్పి మొదలవుతుంది. మొదటి ఏడాది 95 దగ్గర ఆపి, ఏటా కొంత పెంచుకుంటూ పోయే కోచ్‌కు మూడో ఏడాదిలో ఫలితం కనిపిస్తుంది.

సీజన్ మధ్యలో ఒక మామూలు వారం: మంగళవారం థ్రెషోల్డ్ పరుగు, శుక్రవారం పందెం వేగానికి దగ్గరగా మైలు చొప్పున ఐదు, ఆదివారం 20-24 కిలోమీటర్ల దీర్ఘ పరుగు, మిగతా రోజులు తేలిక. థ్రెషోల్డ్ అంటే అలసట ముంచెత్తకుండా ఎక్కువసేపు నిలుపుకోగల గట్టి వేగం: ఒక కిలోమీటరు చొప్పున ఎనిమిదిసార్లు, మధ్యలో ఒక నిమిషం జాగింగ్. 5,000 మీటర్లు 14:30లో పరిగెత్తే కుర్రాడికి కిలోమీటరు 3:05-3:10 సరిపోతుంది. ఎక్కువ జట్లు చెడిపోయేది ఇక్కడే. మూడో కిలోమీటరుకల్లా ఎవడో ఒకడు ముందుకు లాగుతాడు, పక్కవాడు తగ్గడు, వేగం 2:58కి చేరి థ్రెషోల్డ్ కాస్తా పందెమైపోతుంది. శుక్రవారానికి కాళ్లు బరువెక్కుతాయి. ఇలా ఆరు వారాలు గడిస్తే సెప్టెంబరులో మెరిసిన జట్టు నవంబరులో చతికిలబడుతుంది. వేగాన్ని బట్టి మూడు గుంపులు చేయడం, గుంపు ముందు నిదానస్తుడైన సీనియర్ను పెట్టడం, వీలుంటే వేలికొస రక్తంలో శ్రమ తీవ్రతను చూపే లాక్టేట్ చూడటం దీనికి విరుగుడు. అన్నిటికంటే ముందు, వేగంగా పరిగెత్తినవాణ్ని మెచ్చుకునే అలవాటును కోచ్ మానుకోవాలి.

నవంబరు చివర పోటీలు ముగిశాక పది పద్నాలుగు రోజుల విశ్రాంతి అవసరం. అయితే డిసెంబరు తొలి వారంలో బోస్టన్ విశ్వవిద్యాలయం ఇండోర్ ట్రాక్ మీద 5,000 మీటర్ల పందెం ఊరిస్తూ ఉంటుంది. ఆ ట్రాక్ చాలా వేగవంతమైనది. 2025 ఫిబ్రవరిలో మన గుల్‌వీర్ సింగ్ 5,000 మీటర్లను 12:59.77లో ముగించింది దానిమీదే. మంచి ఊపులో ఉన్న ఇద్దరు ముగ్గుర్ని అక్కడికి పంపి మార్చి ఇండోర్ జాతీయ పోటీలకు అర్హత సమయం తెచ్చుకోవడం తెలివైన పని. జట్టు మొత్తాన్ని పంపితే విశ్రాంతి కాలం మింగేసినట్టే.

వసంతంలో లెక్క మారుతుంది. ఔట్‌డోర్‌లో దేశాన్ని తూర్పు, పడమరలుగా విభజించి, ఒక్కో అంశంలో సీజన్ సమయాల ప్రకారం మొదటి 48 మందిని ప్రాథమిక దశకు పిలుస్తారు. అక్కణ్నుంచి 12 మంది చొప్పున 24 మంది జూన్ ఫైనల్స్‌కు వెళ్తారు. 10,000 మీటర్ల రన్నర్ మార్చి చివర్లోనో ఏప్రిల్లోనో చల్లటి రాత్రి ఒక్క మంచి పందెం పరిగెత్తి ఆ 48లో చోటు ఖాయం చేసుకుంటే చాలు, మే చివరిదాకా మళ్లీ ఆ దూరం జోలికి పోనక్కర్లేదు. 1500 రన్నర్‌కు ఆ సౌకర్యం లేదు. అక్కడ సమయాలు వారం వారం మెరుగవుతూ జాబితాలో 40వ స్థానం వారంలో 55కి జారుతుంది.

మూడు సీజన్లలోనూ ఒకే రన్నర్‌ను శిఖరానికి తేవడం జరిగే పని కాదు. ఒక విద్యార్థి పోటీపడగల సీజన్లను (అర్హత సీజన్లను) ఆట ఆటకూ విడిగా లెక్కపెట్టే పాత పద్ధతి ఇందుకే కోచ్‌లకు విలువైనది: ఒకమ్మాయిని క్రాస్ కంట్రీలో దింపకుండా ఆ సీజన్ను మిగుల్చుకుని, ఇండోర్‌లో మాత్రం పరిగెత్తించవచ్చు. కోవిడ్ వల్ల 2020 క్రాస్ కంట్రీ జాతీయ పోటీలు 2021 మార్చి 15కి వాయిదా పడ్డాయి. ఇండోర్ పోటీలు మార్చి 13నే ముగిశాయి. రెండు రోజుల తేడాలో రెండూ ఆడాలా, ఒకటి వదలాలా అని ప్రతి కోచ్ బాహాటంగా తేల్చుకోవాల్సి వచ్చింది. మామూలు ఏడాదుల్లోనూ ఆ ప్రశ్న ఉంటుంది, కాకపోతే నెలల తరబడి పరుచుకుని ఉంటుంది.

రక్తం, ఎముక, ఎండ

ఆగస్టులో, జనవరిలో రక్తపరీక్ష చేయించడం మంచి కార్యక్రమాల్లో ఆనవాయితీ. హిమోగ్లోబిన్ బాగానే ఉండి, ఇనుము నిల్వను చూపే ఫెర్రిటిన్ పడిపోయిన రన్నర్ తేలిక పరుగులు బాగానే చేస్తుంది, పందెంలో మాత్రం సగం దాటాక నిలబడలేదు. బద్ధకమనో భయమనో పొరపడి కోచ్ మందలిస్తే సీజన్ పోతుంది, నమ్మకమూ పోతుంది. మాత్ర ఇవ్వాలా, ఎంత ఇవ్వాలా అన్నది జట్టు వైద్యుడి నిర్ణయం. ఇనుము మాత్రను టీ, పాలతో కాకుండా పుల్లటి పండ్ల రసంతో వేసుకోమని గుర్తుచేయడం దాకానే కోచ్ పని.

తిండి చాలకపోవడం ఇంకా ప్రమాదకరం. వరసగా మూడు నెలలు నెలసరి రాకపోతే అది బాగా శిక్షణ పొందుతున్న గుర్తు కాదు, ఎముక పలచబడే హెచ్చరిక. అలాగే పరుగు కొనసాగిస్తే ఎముక పగుళ్లు వస్తాయి, పన్నెండు వారాలు పోతాయి. అబ్బాయిల్లోనూ ఇది ఉంది, పైకి కనబడే గుర్తు లేనందున ఆలస్యంగా తెలుస్తుంది. కోచ్ చేతిలో బరువు చూసే యంత్రం ఉండకూడదు. ఈ విషయంలో రాజీ పడే కోచ్‌లు గెలిచిన పతకాలకు పిల్లలు ఏళ్ల తరబడి మూల్యం చెల్లిస్తారు.

ఆగస్టు ఎండలో వడదెబ్బ తగిలి తడబడుతున్నవాణ్ని అంబులెన్సు కోసం ఎదురుచూస్తూ నీడలో కూర్చోబెట్టడం ప్రాణాంతకం. మంచునీళ్ల తొట్టెలో మెడదాకా ముంచి ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రి. ఆ తొట్టె నింపి ఉందో లేదో ప్రాక్టీసుకు ముందే చూసుకోవాలి.

మెట్లు

చాలామంది గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా మొదలవుతారు: మాస్టర్స్ ఫీజు మాఫీ, కొద్దిపాటి భత్యం, బదులుగా వ్యాన్ నడపడం, ఎంట్రీలు పంపడం, తెల్లవారుజామున సమయాలు రాయడం. డివిజన్ 1లో జీతం లేని వాలంటీర్ కోచ్ హోదాను 2023లో తీసేశారు. దాంతో ఉచిత చాకిరీ తగ్గింది గానీ, లోపలికి వచ్చే ద్వారాల్లో ఒకటి ఇరుకైంది. తర్వాత అసిస్టెంట్, అసోసియేట్ హెడ్, క్రాస్ కంట్రీ హెడ్, చివరకు అన్ని విభాగాలకూ డైరెక్టర్. పెద్ద విశ్వవిద్యాలయంలో డైరెక్టర్ జీతం లక్ష డాలర్లు దాటుతుంది, కింది మెట్ల మీద అద్దె కట్టడానికే కష్టం. ఒప్పందాలు ఎక్కువగా ఏడాదివి. విశ్వవిద్యాలయ క్రీడలన్నిటికీ పెద్ద అయిన అథ్లెటిక్ డైరెక్టర్ కొత్తగా వస్తే తన మనుషుల్ని తెచ్చుకోవచ్చు. ఖాళీలు ఎక్కువగా జూన్ నుంచి ఆగస్టు మధ్య బయటపడతాయి. డిసెంబరులో జరిగే కోచ్‌ల సంఘం సమావేశంలో పరిచయాలు చేసుకున్నవాళ్లకు అవి ముందుగా తెలుస్తాయి.

ఎదుగుదలకు పట్టే కాలాన్ని చూడాలంటే ఐర్లండ్ నుంచి వచ్చిన జాన్ మెక్‌డానెల్‌ను చూడాలి. 1972లో ఆర్కాన్సా విశ్వవిద్యాలయంలో చేరాడు, మొదటి జాతీయ జట్టు టైటిల్ 1984లో వచ్చింది. 2008లో విరమించేనాటికి 40 టైటిళ్లు. ఇప్పటి పాలనాధికారుల్లో పన్నెండేళ్లు ఓపిక పట్టేవాళ్లు అరుదు. పంజాబీ కుటుంబం నుంచి వచ్చిన దిల్జీత్ టేలర్ దారి ఇంకోలా నడిచింది: డివిజన్ 2 కాలేజీలో పరిగెత్తి, అక్కడే కోచ్‌గా రాటుదేలి, 2016లో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయానికి వెళ్లింది. ఆమె మహిళల జట్టు 2021 మార్చి నాటి ఆ వాయిదా పోటీల్లోనూ, 2024లోనూ క్రాస్ కంట్రీ టైటిల్ గెలిచింది. కాలేజీ కోచింగ్ నుంచి బయటికొచ్చిన దారులూ ఉన్నాయి. షార్లెట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో కోచ్‌గా ఉన్న స్కాట్ సిమ్మన్స్ తర్వాత కొలరాడో స్ప్రింగ్స్‌లో అవినాశ్ సాబ్లే, గుల్‌వీర్ లాంటి భారత రన్నర్లకు శిక్షణ ఇచ్చాడు.

తెలుగు రాష్ట్రాల నుంచి కినీషియాలజీ, ఎక్సర్‌సైజ్ సైన్స్ చదవడానికి వెళ్లి ఈ దారి పట్టాలనుకునేవాళ్లు మూడు సంగతులు ముందే తెలుసుకోవాలి. ఎఫ్1 వీసా మీద చదువు నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పనిచేయాలి. కోచింగ్ పని ఆ హద్దులో ఆగదు, కాబట్టి శనివారం మీట్‌ల గంటల్ని ఎలా లెక్కిస్తారో చేరేముందే రాతపూర్వకంగా అడగాలి. చదువు తర్వాత వచ్చే ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతిలో ఉద్యోగం డిగ్రీకి సంబంధించినదై ఉండాలి. కంప్యూటర్ సైన్స్ డిగ్రీతో ట్రాక్ కోచ్‌గా చూపించడం కుదరదు. విశ్వవిద్యాలయ ఉద్యోగాలు హెచ్1బి లాటరీ పరిమితి కిందికి రావు, ఇది పెద్ద వెసులుబాటు. అయితే విదేశీయుడికి వీసా పెట్టే ఖర్చు, శ్రమ ఒక అసిస్టెంట్ కోచ్ కోసం పడేందుకు విభాగం ఒప్పుకోవాలి. ఒప్పించేది పాత రన్నర్ల పట్టిక: ప్రతి రన్నర్ చేరినప్పటి సమయం, వెళ్లేటప్పటి సమయం, గాయాల వల్ల పోయిన వారాలు, డిగ్రీ పూర్తి చేశారా లేదా. చిన్న కాలేజీలో ఎనిమిదిమందితో పనిచేసినా సరే, ఈ పట్టికను మొదటి రోజు నుంచే రాసి పెట్టుకోవాలి.